దీవిని కోసిన డౌటు

ఆ శనివారం పొద్దున మేడమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పిల్లల్ని పడవ ఎక్కించాలి. సరస్సు మధ్యలో జమ్ముగడ్డితో కట్టుకున్న దీవి మీద దించాలి. అక్కడి మనుషులు ఎంత కలిసిమెలిసి బతుకుతున్నారో చూపించాలి. సాయంత్రానికి అందరినీ మళ్ళీ రేవులో దించాలి. సోమవారం పర్మనెంట్ కావాలి.

ఆ చివరి ముక్కే అసలు ముక్క. మిగతాదంతా దాని కోసమే.

మేడమ్ కాలేజీలో సమాజశాస్త్రం చెబుతుంది. ఏళ్ళ తరబడి టెంపరరీ. టెంపరరీ అంటే కొంతకాలమే పని చేయించుకుంటారని ఎవరైనా అనుకుంటే వాళ్ళు ఎప్పుడూ ఉద్యోగం చేయలేదని అర్థం. పని పుష్కలంగా ఉంటుంది, రోజూ ఉంటుంది, ఆదివారం కూడా ఉంటుంది. ఉద్యోగమే ఉండదు. స్టాఫ్ రూములో పర్మనెంటు వాళ్ళకు సొరుగులున్న బల్లలు, టెంపరరీ వాళ్ళకు కిటికీ కింద ఒక బెంచీ. మేడమ్ సామానంతా, సుద్దముక్కలు, దువ్వెన, తలనొప్పి మాత్రలు, దిద్దాల్సిన పేపర్లు, అన్నీ భుజాన సంచిలో ఆమెతో పాటే తిరుగుతాయి. రిటైరైన లెక్కల మాస్టారి బల్ల ఒకటి మూల ఖాళీగా పడి ఉంది. దాని సొరుగులకు తాళం వేసి ఉంది. మేడమ్ రోజూ ఆ బల్ల పక్కగా నడిచి, ఎవరూ చూడనప్పుడు పిడి పట్టుకుని ఒకసారి లాగి చూస్తుంది. రాదు.

"ఈ సోమవారమా?" అన్నాడు ఇంటాయన, టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ.

"ఈ సోమవారమే."

"పోయినేడు కూడా ఈ సోమవారమే అన్నావ్."

"అప్పుడు ట్రిప్పు లేదుగా. ఒక్క కంప్లయింట్ రాకుండా పిల్లల్ని తిరిగి తెస్తే చాలన్నారు."

"కంప్లయింట్ రాకుండానా! కాలేజీ పిల్లల్నా!" అని ఆయన డబ్బా ఆమె చేతికిచ్చాడు. "నీకు ఈత వచ్చుగా?"

"దీవి మీదికి పోతున్నానండీ, నీళ్ళలోకి కాదు."

కాలేజీ ఇద్దరు అన్నదమ్ములది. పెద్ద సారు ఛైర్మన్, చిన్న సారు సెక్రటరీ. ఊళ్ళో ఎవరింట్లో అన్నదమ్ములు కొట్టుకున్నా, చూసి నేర్చుకోండని వీళ్ళనే చూపిస్తారు. ఇద్దరికీ ఒకే గది, ఒకే బల్ల, ఒకే ఫ్లాస్కు. ఒకరు మొదలుపెట్టిన మాట రెండోవారు పూర్తిచేస్తారు. శుక్రవారం మేడమ్‌ను పిలిచి వాళ్ళు చెప్పింది కూడా అలాగే చెప్పారు.

"ఇది మామూలు ట్రిప్పు కాదు మేడమ్" అన్నాడు పెద్ద సారు.

"ఐకమత్యం" అన్నాడు చిన్న సారు.

"ఆ దీవిలో ఒకటే కుటుంబం. తల్లి, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు. తగాదా అన్న మాటే తెలీదట. మన పిల్లలు చూడాలి."

"నేర్చుకోవాలి."

"సాయంత్రం రేవుకు మేమే వస్తాం. పేరెంట్స్ వస్తారు, విలేకరులు వస్తారు. ఒక్కరు తగ్గకూడదు."

"ఒక్క మాట రాకూడదు."

"అట్లా తెచ్చి అప్పజెప్పారనుకోండి, ఇక సోమవారం..."

పెద్ద సారు ఆగాడు. ఈసారి చిన్న సారు మాటతో పూర్తిచేయలేదు. జేబులోంచి తాళాల గుత్తి తీసి, అందులో ఒక చిన్న తాళంచెవిని పట్టుకుని ఆడించాడు. లెక్కల మాస్టారి బల్లది. మేడమ్ కళ్ళు దాంతో పాటు అటూ ఇటూ తిరిగాయి. తర్వాత గుత్తి మళ్ళీ జేబులోకి పోయింది.

పడవ కదిలాక మేడమ్ పిల్లల్ని లెక్కపెట్టుకుంది. అందరూ ఉన్నారు. ఆ అందరిలో ఇద్దరి గురించి మాత్రం చెప్పుకోవాలి. ఒకడు లీడర్. ఎన్నికల్లో చిత్తుగా ఓడిపోయాడు, అయినా పేరు మాత్రం ఉండిపోయింది. రెండోది డౌటు. ఆ పిల్ల కడుపులో ప్రశ్న నిలవదు. పుట్టినప్పుడు కూడా ఏడవకుండా డాక్టరమ్మను ఏదో అడగబోయిందని వాళ్ళమ్మే అంటుంది.

"అందరూ వినండి" అంది మేడమ్. "అక్కడ ఎవరూ ఎవరినీ ఏమీ అడగొద్దు. చూడండి, నవ్వండి, నమస్కారం పెట్టండి. అంతే."

"ఎందుకు మేడమ్?" అంది డౌటు.

"ఇదిగో, ఇదే వద్దన్నా."

దీవి దూరం నుంచి చూస్తే నీళ్ళ మీద పరిచిన పెద్ద చాపలా ఉంది. దగ్గరికి పోతే నిజంగా చాపే. కింద జమ్ము వేళ్ళ గడ్డలు, వాటిని కలిపి కట్టిన తాళ్ళు, వాటి మీద పొరలు పొరలుగా కోసి పరిచిన గడ్డి. అడుగున చివికిపోతూ ఉంటుంది, పైన వేస్తూ ఉంటారు. వేయడం మానితే ఇల్లు మునుగుతుంది. కాలు పెడితే పరుపు మీద నడిచినట్టు దిగబడుతుంది. గాలికి కొట్టుకుపోకుండా సరస్సు అడుగున గుంజలు పాతి, దీవి ఒక అంచుకు తాళ్ళు కట్టారు. అటు చివర పెద్దోడి గుడిసె, ఇటు చివర చిన్నోడి గుడిసె, సరిగ్గా మధ్యలో ముక్కాలిపీట మీద వాళ్ళమ్మ, పిల్లలకు అవ్వ.

పడవవాడు పడవను పెద్దోడి వైపు కట్టేసి, "మీరు చూసుకోండి, నేను కాసేపు నడుం వాలుస్తా" అని అందులోనే ముసుగు తన్నాడు. పిల్లలు భోజనాల సంచులు పడవ పక్కనే దీవి అంచున దించారు.

మొదటి గంట ఎంత బాగా గడిచిందంటే, తర్వాత తలుచుకున్నప్పుడల్లా మేడమ్‌కు అదే ఎక్కువ బాధగా ఉండేది. పెద్దోడు గడ్డి ఎలా కోస్తారో చూపించాడు. చిన్నోడు తాడు ఎలా పేనుతారో చూపించాడు. తోడికోడళ్ళిద్దరూ ఒకే బుట్టలోంచి చేపలు తీసి ఎండేస్తున్నారు. మేడమ్ గొంతు సవరించుకుంది. "చూశారా పిల్లలూ! ఇక్కడ నీది నాది లేదు. గోడ లేదు, గీత లేదు. ఇదీ సమష్టి జీవనమంటే."

అవ్వ ఆ మాటలకు తల ఊపింది. సగం అర్థం కాలేదు గానీ పొగుడుతున్నారని మాత్రం తెలిసింది.

"బాబాయ్, ఒక్క చిన్న డౌటు" అన్న గొంతు అప్పుడే వినపడింది.

మేడమ్ అడ్డం పడేలోపే మాట బయటికి వచ్చేసింది.

"ఈ దీవిలో మీ వాటా ఎంత? ఆ బాబాయ్ వాటా ఎంత?"

పెద్దోడు పడీ పడీ నవ్వాడు. "వాటాలేంటి తల్లీ! అంతా ఒకటే."

చిన్నోడూ నవ్వాడు. అయితే కొంచెం ఆలస్యంగా నవ్వాడు.

"అంతా ఒకటే అయితే, ఆ వైపు నడిస్తే నా చెప్పులు తడిశాయి, ఈ వైపు తడవలేదు. ఎందుకని?"

చిన్న కోడలు చేతిలో చేప చేతిలోనే ఆగింది. "అడుగమ్మా, అడుగు. నేనడిగితే నోరు పెద్దదంటారు."

"ఇప్పుడు ఏమైందే నీకు?" అంది పెద్ద కోడలు.

"ఏమైందా అక్కా? పచ్చి గడ్డిమోపులు మీ వైపు, చివికిన మోపులు మా వైపు. మా పొయ్యి కింద నీళ్ళూరుతున్నాయి. ఈయనకు చెబితే అన్నయ్య చూసుకుంటాడంటాడు. అన్నయ్య ఎటు చూస్తున్నాడో, ఇదిగో, నిన్నా మొన్నా కాదు, ఇప్పుడు పడవ దిగిన పిల్లకు కూడా కనపడింది!"

పెద్దోడు తమ్ముడి వైపు తిరిగాడు. "ఒరే, మీ ఆవిడ ఏమంటుందో వింటున్నావా?"

"చాన్నాళ్ళుగా వింటున్నా" అన్నాడు చిన్నోడు నెమ్మదిగా. "ఇవాళ నాకూ నిజమే అనిపిస్తోంది."

అంతే. లీడర్‌కు ఇంతకంటే ఏం కావాలి? బోర్లించి ఉన్న చేపల బుట్ట ఎక్కేశాడు. "మిత్రులారా! అన్యాయం నేల మీద జరిగినా, నీళ్ళ మీద జరిగినా..." అన్నాడు. బుట్ట అడుగు తెగి మోకాలి దాకా దిగిపోయాడు. అయినా ఉపన్యాసం ఆపలేదు. సగం మంది పిల్లలు చప్పట్లు కొట్టారు. మిగతా సగం ఊరుకుంటారా? "గుంజలన్నీ పాతింది పెద్ద బాబాయ్! ఆయన కష్టం ఎవరు చూశారు?" అని ఎదురు తిరిగారు. అప్పటిదాకా ఫోన్లలో తలలు దూర్చిన వాళ్ళందరికీ ఒక్కసారిగా సమాజం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పెద్దోడు పెళ్ళినాటి సంగతి తీశాడు. చిన్నోడు అంతకు ముందుది తీశాడు. తోడికోడళ్ళు బుట్టలో చేపల్ని రెండు కుప్పలు చేయడం మొదలుపెట్టారు.

ఒక్క కంప్లయింట్ రాకూడదు. ఒక్కటి కూడా. మేడమ్ చేతులు రెండూ ఎత్తి గట్టిగా అరిచింది.

"ఆగండి! ఇందులో గొడవేముంది? ఇద్దరిదీ చెరి సగం అనుకుంటే సరిపోతుందిగా!"

అన్నదమ్ములిద్దరూ ఆమెను చూశారు, తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు.

"టీచరమ్మ చెప్పేసింది" అన్నాడు పెద్దోడు.

"చెరి సగం" అన్నాడు చిన్నోడు.

"రంపం తే."

రంపం మనిషి పొడుగుంది. రెండు చివర్లా రెండు పిడులు. ఒకరు లాగితే తెగదు, ఇద్దరూ లాగాలి. అటు పెద్దోడు కూర్చున్నాడు, ఇటు చిన్నోడు కూర్చున్నాడు. మేడమ్ హమ్మయ్య అనుకుంది. తన మాటతో గొడవ చల్లారింది, వాళ్ళు మళ్ళీ పనిలో పడ్డారు. అలాగే అనుకుంది పాపం.

"రండి పిల్లలూ, దగ్గరికి రండి! ఇది వీళ్ళ పాతకాలం పనితనం. అన్నదమ్ములిద్దరూ ఎంత పొందికగా లాగుతున్నారో చూడండి!"

నిజంగానే పొందికగా లాగుతున్నారు. ఒక్క లాగు ఎక్కువా కాదు, తక్కువా కాదు. చిన్నప్పటి నుంచి కలిసి కోసిన చేతులు మరి. నోళ్ళు మాత్రం వేరే పనిలో ఉన్నాయి.

"నీకు పెళ్ళి చేసింది ఎవర్రా?" అని అటు లాగు.

"పెళ్ళిలో నీ పాత చొక్కా తొడిగింది ఎవరు?" అని ఇటు లాగు.

"ఆ చొక్కా నాకు ఇష్టమైన చొక్కా!"

"దానికి గుండీలు లేవు!"

పిల్లలు వీడియోలు తీశారు. మేడమ్ చప్పట్లు కొట్టింది. ఆమె చప్పట్లు కొడుతున్న వీడియో ఇప్పటికీ అందరి ఫోన్లలో ఉంది.

"మేడమ్, డౌటు."

"ఇప్పుడు కాదమ్మా."

"మేడమ్, నీళ్ళు కనపడుతున్నాయి."

మేడమ్ కిందికి చూసింది. ఆమె కుడికాలికీ ఎడమకాలికీ మధ్య నల్లటి గీత ఒకటి మెరుస్తోంది. గీతలో ఒక చేప ఇటు నుంచి అటు పోయింది. చప్పట్లు కొట్టబోతున్న రెండు చేతులూ గాలిలోనే ఉండిపోయాయి. నోరు తెరిచింది. తొమ్మిది పుస్తకాలు చదివి సమష్టి జీవనం మీద నోట్సు రాసుకున్న మనిషికి, జీవనం కాళ్ళ కింద రెండు ముక్కలవుతుంటే ఏమనాలో ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

రంపం అవ్వ పీట దగ్గరికి వచ్చి ఆగింది.

"అమ్మా, నువ్వు నా వైపు రా" అన్నాడు పెద్దోడు.

"ఎందుకు? నా వైపే వస్తుంది" అన్నాడు చిన్నోడు.

అవ్వ ఇద్దరినీ తేరిపార చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. పిల్లలు ఆడుకుంటుంటే ఎప్పుడు అలిసిపోతారా అని చూసే చూపు. లేచి పీట చంకన పెట్టుకుని చిన్నోడి వైపు అడుగేసింది. "వీడికి ఈత రాదు" అంది.

"దీవి మీద పుట్టి ఈత రాదా?" అంది డౌటు, ఆపుకోలేక.

"దీవి మీద పుట్టినోడికి ఈతెందుకే? నడుస్తాడు."

చివరి తాడు తెగింది. అప్పుడు అందరికీ ఒకేసారి ఒక సంగతి గుర్తొచ్చింది. గుంజలన్నీ పెద్దోడి అంచుకే ఉన్నాయి. దీవి ఒకటిగా ఉన్నన్నాళ్ళూ ఒక అంచుకు కడితే చాలింది మరి. మధ్యాహ్నం తిరిగితే ఆ సరస్సు మీద గాలి ఊరి వైపు వీస్తుంది. మధ్యాహ్నం తిరిగింది.

చిన్నోడి సగం, అవ్వతో, చిన్న కోడలితో, మేడమ్‌తో, డౌటుతో, సగం మంది పిల్లలతో, ఏమీ ఎరగనట్టు మెల్లగా బయల్దేరింది. భోజనాలు మాత్రం పెద్దోడి అంచునే ఉండిపోయాయి.

"మేడమ్! మేడమ్ పోతున్నారు!" అని అటునుంచి కేకలు.

"నేను పోవట్లేదు! ఇదే పోతోంది!" అని మేడమ్ ఇటునుంచి అరిచింది.

ఇలాంటప్పుడే నాయకులు పుడతారు. పెద్దోడి వైపున్న లీడర్ బుట్టలోంచి కాలు పీక్కుని పరిగెత్తాడు. "తాడు వేస్తాను! పట్టుకోండి!" అంటూ దొరికిన తాడల్లా విప్పి విసిరాడు. ఒక్కటీ అందలేదు. అన్నీ విసిరేశాక పెద్దోడు వచ్చి చూసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"బాబూ, అవి గుంజల తాళ్ళు."

లీడర్ వెనక్కి చూశాడు. గుంజలు అక్కడే ఉన్నాయి. దూరమవుతున్నాయి.

నిద్రలేచిన పడవవాడు మొహం కడుక్కుని చూసేసరికి కుడివైపు సగం దీవి పోతోంది, ఎడమవైపు సగం దీవి పోతోంది, మధ్యలో తన పడవ పోతోంది. కల అనుకుని మళ్ళీ పడుకున్నాడు. పెద్ద కోడలు నీళ్ళు చల్లి లేపింది. లేచి అటు తెడ్డు వేశాడు, ఇటు తెడ్డు వేశాడు. సగం దీవినైనా లాగడానికి పడవ తెడ్లు ఏ మూలకు? చివరికి చేతులు కట్టుకు కూర్చుని, "ఎటూ ఊరికే పోతున్నాంగా" అన్నాడు. ఆ రోజు అక్కడ ఎవరైనా తెలివైన మాట అన్నారంటే అదొక్కటే.

మేడమ్ ఫోను మోగింది. ఇంటాయన.

"భోంచేశావా?"

"లేదు. ఊరికొస్తున్నా."

"అప్పుడే? పడవలోనా?"

"కాదు."

"మరి?"

మేడమ్‌కు అబద్ధం చెబుదామంటే అంతకంటే నమ్మేలా ఏమీ తట్టలేదు. "దీవి మీద" అంది.

దారి పొడవునా అన్నదమ్ములు ఒక ముక్క మీద నుంచి ఇంకో ముక్క మీదికి తిట్టుకుంటూనే వచ్చారు. గాలి ముక్కల్ని దగ్గరికి తోస్తే గొంతు తగ్గించేవాళ్ళు, దూరం జరిపితే పెంచేవాళ్ళు. ఒకసారి బాగా దగ్గరికి వచ్చినప్పుడు పెద్దోడు భోజనాల సంచి ఒకటి ఇటు విసిరి, "అమ్మకు ముందు పెట్టు, తర్వాత మాట్లాడదాం" అని మళ్ళీ తిట్టడం సాగించాడు. మేడమ్‌కు ఏదీ రుచించలేదు. అవ్వ పక్కన కూలబడి, తన బతుకంతా చెప్పేసింది. బెంచీ గురించి, సొరుగుల గురించి, తాళంచెవి గురించి.

"సొరుగులో ఏం పెడతావమ్మా?" అంది అవ్వ.

"దువ్వెన" అంది మేడమ్.

"నీ పిల్లలు మంచోళ్ళు. ఆ అమ్మాయి వచ్చీ రాగానే వాటా ఎంతని పలకరించింది. చదువుకున్నోళ్ళు అట్లాగే పలకరించుకుంటారు కాబోలు."

మేడమ్ అప్పుడు ఆ మాట పట్టించుకోలేదు. పట్టించుకుని ఉండాల్సింది.

రేవు మెట్ల మీద పెద్ద జనం. వీడియోలు దీవి కంటే ముందే చేరాయి. పేరెంట్స్ ఉన్నారు, విలేకరులు ఉన్నారు, ముందు వరసలో పెద్ద సారు, చిన్న సారు బ్యానర్ చెరో కొసా పట్టుకుని నిలబడి ఉన్నారు. దాని మీద "కలిసి బతకడం నేర్చుకుందాం" అని ఉంది. కుడివైపు మెట్లకు ఒక సగం వచ్చి తగిలింది. ఎడమవైపు మెట్లకు రెండో సగం తగిలింది. నోళ్ళు తెరిచిన వాళ్ళు తెరిచినట్టే ఉండిపోయారు.

రేవు కాపలావాడు ఒక్కడే ముందుగా తేరుకున్నాడు. "ఇక్కడ దీవులు ఆపకూడదు!"

"అలాగని బోర్డేమైనా ఉందా?" అంది డౌటు. అతను బోర్డు కోసం వెతుక్కోవడానికి పోయాడు.

మేడమ్ వేలు చూపిస్తూ పిల్లల్ని లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. పాదాల నుంచి నీళ్ళు కారుతుండగా సార్ల ముందు నిలబడింది.

"అందరూ ఉన్నారు సార్" అంది. ఇంకా ఏదో చెప్పాలనిపించింది. "దీవి కూడా ఉంది."

పెద్ద సారు ముఖం తెల్లబడింది, ఎర్రబడింది, నల్లబడింది. మామూలుగా అయితే ఆమె ఉద్యోగం ఆ మెట్ల మీదే మునిగిపోవాలి. అయితే సరిగ్గా అదే క్షణంలో ఒక విలేకరి మైకు పెట్టి, "సార్, దీవినే ఊరికి తేవాలన్న ఆలోచన ఎవరిది?" అన్నాడు. యాజమాన్యాలకు ఒక గొప్ప గుణం ఉంది. తప్పు అయితే కింద పడ్డచోటే వదిలేస్తారు, పేరైతే నేల తాకకముందే పట్టేస్తారు.

"మాదే" అన్నాడు పెద్ద సారు.

"పిల్లలు చదువు దగ్గరికి పోవడం కాదు" అన్నాడు చిన్న సారు.

"చదువే పిల్లల దగ్గరికి రావాలి."

జనం ఈలలు వేశారు. పెద్ద సారు మేడమ్ భుజం తట్టాడు. "మా మేడమ్! సోమవారం దాకా ఎందుకు? ఇప్పుడే, అందరి ముందూ! పర్మనెంట్!"

చిన్న సారు గుత్తి తీశాడు. చిన్న తాళంచెవిని గోటితో కష్టపడి వేరుచేశాడు. మేడమ్ అరచేయి చాచింది. చెవి అరచేతికి బెత్తెడు ఎత్తున ఉంది. దాని పళ్ళు కూడా కనపడుతున్నాయి.

అవ్వ పీట చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఇద్దరు సార్ల ముక్కుల్ని మార్చి మార్చి చూసింది. "అన్నదమ్ములా నాయనా?" అంది ముచ్చటగా.

"అవునవ్వా" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

టీచరమ్మ పిల్లల పద్ధతి అవ్వకు గుర్తొచ్చింది. చదువుకున్నవాళ్ళ దగ్గర మర్యాద తప్పకూడదు.

"కాలేజీలో ఎవరి వాటా ఎంత?"

పెద్ద సారు పడీ పడీ నవ్వాడు. "వాటాలేంటవ్వా! అంతా ఒకటే."

చిన్న సారూ నవ్వాడు. కొంచెం ఆలస్యంగా నవ్వాడు.

ఆ ఆలస్యాన్ని మేడమ్ గుర్తుపట్టింది. పొద్దున్నే విన్నది. "సార్, తాళంచెవి..." అంది ఆత్రంగా. చెవి కిందికి రాలేదు. గాలిలోనే ఆగింది.

"అంతా ఒకటే అయితే అన్నయ్యా," అన్నాడు చిన్న సారు, మైకు ఇంకా తమ ముందే ఉందని మరిచిపోయి, "బోర్డు మీద నీ పేరు పైన, నా పేరు కింద ఎందుకుంది?"

"నేను ముందు పుట్టాను కాబట్టి తమ్ముడూ."

"కొత్త మేడ నీ వైపు, వాన కారే షెడ్డు నా వైపు. షెడ్డు కూడా ముందు పుట్టిందా?"

"నీకు లెక్చరరు ఉద్యోగం ఊడితే ఇక్కడ కుర్చీ వేసింది ఎవర్రా?"

"ఆ కుర్చీకి ఒక కాలు లేదు!"

డౌటు నోరు తెరిచింది. మేడమ్ రెండు చేతులతో ఆ నోరు మూసింది. కానీ ఇక ఆ నోటి అవసరమే లేకపోయింది. బ్యానర్ కొసలు చెరో వైపు లాగుతున్నారు. "కలిసి" ఒక చేతిలోకి పోయింది, "నేర్చుకుందాం" ఇంకో చేతిలోకి పోయింది. "బతకడం" మధ్యలో చిరిగింది. తాళంచెవి చిన్న సారు జేబులోకి తిరిగి పోవడాన్ని మేడమ్ ఒక్కతే చూసింది.

పెద్దోడూ చిన్నోడూ చెరో ముక్క అంచునా నిలబడి, తిట్టుకోవడం మరిచిపోయి చూస్తున్నారు.

"ఒరే, వాళ్ళు మన మాటలే మాట్లాడుతున్నారేంట్రా?"

"మనకంటే పెద్ద చదువులన్నా. బాగా కొట్టుకుంటారు."

"అంత అసహ్యంగా ఉంటుందా చూడ్డానికి?"

రేవు కాపలావాడు ఇంతలో ఒక అట్టముక్క మీద "దీవులు ఆపరాదు" అని రాసి తెచ్చి తగిలించాడు. పడవవాడు వేరే పడవల వాళ్ళనిద్దరిని పిలుచుకొచ్చి, "రెండు ముక్కల్ని రెండుసార్లు లాగడం మా వల్ల కాదు. ఒకటి చేస్తే చెప్పండి" అన్నాడు. అవ్వ పీట వేసుకుని రెండు ముక్కల మధ్య మెట్టు మీద కూర్చుంది. పడవలు రెండు ముక్కల్నీ ఒక దగ్గరికి నెట్టాక, పెద్దోడు చేతి పొడుగు కొయ్యసూది తీశాడు. చిన్నోడు తాడు ఎక్కించాడు. ఇదీ ఇద్దరు చేసే పనే. ఒకరు గుచ్చితే రెండోవారు అందుకుని లాగాలి. ఈసారి మాటల్లేకుండా లాగారు. పచ్చి మోపులు రెండు పెద్ద కోడలే తీసుకెళ్ళి చిన్న కోడలి పొయ్యి కింద పరిచింది. చీకటి పడకముందే దీవి ఒకటై, మూడు పడవల వెనక ఇంటిదారి పట్టింది. అవ్వ చేయి ఊపింది. డౌటు కూడా ఊపింది.

దీవిని కుట్టడానికి ఆ సాయంత్రం చాలింది. కాలేజీని కుట్టేంత సూది మాత్రం ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. సోమవారం పొద్దున మేడమ్ వెళ్ళేసరికి గేటు దగ్గర ఇటుకలు దించుతున్నారు. గోడకు గీసిన సున్నపు గీత ఆటస్థలం మీదుగా వచ్చి, వరండా దాటి, స్టాఫ్ రూములోకి దూరి, కిటికీ కింద బెంచీని సరిగ్గా నడుమకు కోసుకుంటూ పోయింది. లెక్కల మాస్టారి బల్ల పెద్ద సారు కాలేజీలో పడింది. దాని తాళంచెవి చిన్న సారు కాలేజీలో ఉండిపోయింది. పొద్దున పెద్ద సారు పిలిచి, "పర్మనెంట్ సంగతి ఈ గోడ పని అయ్యాక చూద్దాం, ముందు మా వైపు క్లాసులు చెప్పండి" అన్నాడు. మధ్యాహ్నం చిన్న సారు పిలిచి అదే మాట అన్నాడు, ఈసారి మొత్తం మాట ఒక్కడే పూర్తిచేశాడు.

"ఏమైంది సోమవారం?" అన్నాడు సాయంత్రం ఇంటాయన.

"పెరిగింది" అంది మేడమ్, సంచి దించి. "ఇప్పుడు రెండు కాలేజీల్లో టెంపరరీ."